మధ్యాహ్నం పన్నెండింటి ముద్ర

పొద్దున్న ఆరు గంటలకి అంటుకున్న నువ్వుల నూనె సునిమ్ చేతులని రాత్రి కొట్టు మూసేదాకా వదలదు. వెదురు చాప మీద ఎండిన సముద్రపు నాచు రేకు పరవాలి. గుప్పెడు అన్నం పలచగా నెరపాలి. ఊరబెట్టిన ముల్లంగి, పాలకూర, కేరట్ తురుము, గుడ్డట్టు చీలిక వరసగా పేర్చి, బొటనవేళ్ళతో చాప ఎత్తి ఒక్క చుట్టు చుట్టి బిగించాలి. పైన నూనె రాసి ముక్కలు కొయ్యాలి. కింబాప్ చుట్ట ఒక్కోటీ ఇరవై సెకన్లు. ఆఫీసుకి పరిగెత్తేవాళ్ళకి ఇరవై ఒకటో సెకను ఉండదు.

ఆ మంగళవారం మాత్రం ఏడున్నరకి గుమ్మం ముందు ముగ్గురే ఉన్నారు. మామూలుగా ఆ వేళకి వరస పక్కనున్న మందుల షాపు దాకా పోతుంది, మందుల షాపాయన సణుగుతాడు. ఇవాళ ఆయన కూడా బయటికి వచ్చి జాలిగా చూసి లోపలికి పోయాడు. కారణం రోడ్డవతల కనిపిస్తూనే ఉంది. మెట్రో రెండో గేటు పక్కన ఇదే ఆకుపచ్చ బోర్డు, ఇవే తెల్లక్షరాలు: దాల్‌గోల్ కింబాప్. శుక్రవారం కట్టిన బెలూన్ల తోరణం ఇంకా గాలి పోలేదు. మెట్రో దిగినవాళ్ళకి ముందు ఆ కొట్టు తగులుతుంది. రుచి ఒకటే, పేరు ఒకటే, ధర ఒకటే అయినప్పుడు రోడ్డు దాటి ఎవరొస్తారు?

"అక్కా, ముద్ర!" అని అరిచాడు ముల్లంగి డబ్బాలు దించే చూన్‌బే.

"డ్రాయర్లో ఉంది, కొట్టుకో" అంది సునిమ్ తలెత్తకుండానే.

చూన్‌బే చనువుగా డ్రాయరు లాగి, చిటికెనవేలంత కర్రముద్ర తీసి, ఎర్రసిరాలో అద్ది, రసీదు మీద ఒత్తి, మళ్ళీ అక్కడే పడేసి వెళ్ళిపోయాడు. ఇంట్లో బీరువాలో దాచిన అసలు ముద్ర వేరు. ఇది చిల్లర పనుల్లో సంతకానికి బదులు కొట్టేది. ప్యో సునిమ్ అని పేరు చెక్కించింది. ఒకసారి నేల మీద పడి కింది మూల కాస్త చెక్కు లేచింది. పార్సిలు వచ్చినా, గ్యాస్ వచ్చినా, కొట్టుకి పేరూ బోర్డూ ఇచ్చిన కంపెనీ నుంచి నెలకోసారి తనిఖీకి వచ్చినా అదే ముద్ర, అదే మాట. చేతులకి నూనె ఉన్న మనిషి ఇంకేం చేస్తుంది?

తొమ్మిదింటికి పోస్టుమాన్ మందపాటి కవరు ఇచ్చి వెళ్ళాడు. స్కూటరు మీద ఆర్డర్లు ఇచ్చి వచ్చిన మాన్‌సు, హెల్మెట్ తియ్యకుండానే దాన్ని చింపాడు. మాన్‌సు ఆమె మొగుడు. మోకాళ్ళు అరిగిపోయాయి గానీ నోరు అరగలేదు.

"రాశార్రా మహానుభావులు" అన్నాడు.

కొట్టు చుట్టూ అయిదొందల మీటర్ల గుండ్రం గీసి, అందులో మరో కొట్టు పెట్టబోమని ఒప్పందంలో రాసిందీ కంపెనీయే. రెండొందల ఎనభై మీటర్ల దూరంలో పెట్టిందీ కంపెనీయే. ఆ కొట్టు కడుతుండగానే ఇదేం న్యాయమని మధ్యవర్తి మండలికి అర్జీ పెట్టుకుంటే, కంపెనీ నుంచి వచ్చిన జవాబు ఇది. విచారణ శుక్రవారం. కంపెనీ ఉత్తరాల్లో మర్యాదకి మాత్రం లోటుండదు. పీక నులిమేటప్పుడు కూడా "గౌరవనీయులైన యజమాని గారికి" అనే మొదలుపెడతారు.

"మీ అనుమతితోనే అట" అన్నాడు మాన్‌సు. "గుండ్రాన్ని రెండొందల యాభైకి తగ్గించుకోడానికి నువ్వు ఒప్పుకున్నావట. కిందటేడు మే పద్నాలుగున. ఏమే, ఒప్పుకున్నావా?"

"నాకేమన్నా పిచ్చా?"

అతను కాగితం ఆమె కళ్ళ ముందు పట్టుకున్నాడు. చేతులకి నూనె కదా, ఆమె ముట్టుకోలేదు. మెడ చాచి చూసింది. అడుగున ఎర్రగా ముద్ర ఉంది. ప్యో సునిమ్. కింది మూల చెక్కు లేచి ఉంది.

చేతిలో చుట్ట బిగించకుండానే వదిలేసింది. అన్నం పక్కలకి జారింది.

"ఈ ముద్ర కొట్టింది ఎవడో నేను చెప్పనా?" అన్నాడు మాన్‌సు. "నెలనెలా వచ్చి ఫ్రిజ్‌లో థర్మామీటరు పెట్టి చూసి, నీ డ్రాయరు తీసి, నీ ముద్ర కొట్టుకుపోయేది ఎవడు? పిన్నీ పిన్నీ అంటూ నీ చేతి కూడు తినేది ఎవడు?"

సునిమ్ చాప దగ్గరికి లాక్కుంది. జారిన అన్నాన్ని మళ్ళీ లోపలికి తోసి, చుట్ట బిగించి, కత్తి అందుకుంది.

*

బుధవారం మధ్యాహ్నం రద్దీ తగ్గాక ఇద్దరూ వార్డు ఆఫీసుకి వెళ్ళారు. అక్కడ వారానికో రోజు ఉచితంగా సలహా చెప్పే లాయరమ్మ ఉంటుంది. ముప్పై ఏళ్ళుంటాయేమో, కళ్ళ కింద మాత్రం యాభై ఏళ్ళ నలుపు. కాగితాలన్నీ తిరగేసి, ముద్ర మూల మీద గోటితో తట్టింది.

"ముద్ర మీదే కదా?"

"నాదే."

"అయితే ఒక్కటే ప్రశ్న అమ్మా. శుక్రవారం వాళ్ళూ అదే అడుగుతారు. ముద్ర మీరు ఆ తనిఖీ అబ్బాయి చేతికి ఇచ్చారా, మీకు తెలియకుండా అతనే తీశాడా? తెలియకుండా తీశాడంటే ఇది దొంగకాగితం, చెల్లదు. మీ గుండ్రం మీకే ఉంటుంది, ఆ కొట్టు ఎత్తెయ్యాల్సిందే. అతని మీద పోలీసు కేసు పెట్టుకోవచ్చు. తీసి కొట్టుకోమని మీరే చెప్పారంటే..." ఆమె పెన్ను మూత పెట్టేసింది. "చదవలేదన్న మాట అక్కడ పనికిరాదు."

"చెల్లిందనుకోండి, అప్పుడు?" అన్నాడు మాన్‌సు.

"ఆ కొట్టు అక్కడే ఉంటుంది. మీరు నడపలేక మధ్యలో వదిలేస్తే జరిమానా. పైగా ఏడాది పాటు ఆ చుట్టుపక్కల కింబాప్ చెయ్యకూడదు. పదకొండో షరతు. అదీ చదవలేదా?"

మొగుడూ పెళ్ళాలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"ఆవిడ ఇవ్వలేదు" అన్నాడు మాన్‌సు. "రాసుకోండి. ఇవ్వలేదు."

"నేను మిమ్మల్ని అడగలేదండీ" అంది లాయరమ్మ. మాటలో కోపం లేదు. బయట బెంచీ మీద ఇంకా ఆరుగురు కూర్చుని ఉన్నారు.

తిరిగొచ్చే దారిలో బస్సు మెట్రో రెండో గేటు ముందు ఆగింది. కొత్త కొట్టులో అద్దం వెనక ఓ పడుచు జంట తడబడుతూ కింబాప్ చుడుతున్నారు. అమ్మాయి అన్నం మరీ మందంగా పరుస్తోంది. అలా పరిస్తే చుట్ట విచ్చుకుపోతుందే పిచ్చిదానా, అని సునిమ్ నోటిదాకా వచ్చింది. వాళ్ళు కూడా ఏ ముద్ర ఎక్కడ కొట్టి వచ్చారో. ఎవరి మీదా గట్టిగా కోపం తెచ్చుకోలేకపోవడంతోనే ఆమెకి మరింత నీరసం వచ్చింది.

*

గురువారం పన్నెండుంబావుకి కంపెనీ తనిఖీ కుర్రాడు తక్ వచ్చాడు. కొట్టులో పది మంది ఉన్నారు. మామూలు రోజుల్లో సగం, అయినా రెండు చేతులకి ఎక్కువే. మాన్‌సు ఆర్డర్లు పట్టుకుని బయటికి పోయాడు. గుమ్మంలో నిలబడ్డ తక్‌ని చూసి సునిమ్ పొమ్మనలేదు, రమ్మనలేదు. అతను కాసేపు అక్కడే నిలబడి, కోటు విప్పి మేకుకి తగిలించి, చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని, కత్తి అందుకున్నాడు. మూడేళ్ళుగా రద్దీలో వచ్చినప్పుడల్లా చేసే పనే. ఆమె చుట్టింది, అతను కోశాడు. గంటసేపు ఇద్దరి మధ్యా "రెండు ట్యూనా", "ఒకటి ముల్లంగి లేకుండా" తప్ప మాటల్లేవు.

కొట్టు ఖాళీ అయ్యాక అతను బల్ల తుడిచి, గుడ్డ పిండి ఆరేశాడు.

"పిన్నీ."

"ఊఁ."

"మే పద్నాలుగు. బడిపిల్లల విహారయాత్ర ఆర్డరు. మూడొందల చుట్టలు."

ఆమెకి గుర్తే. పాలకూర ఎక్కువ ఉడికిపోయి మళ్ళీ ఉడికించాల్సి వచ్చింది. బస్సు బయల్దేరుతోందని పంతులమ్మ మూడుసార్లు ఫోన్ చేసింది. నడుం విరిగిపోతున్న ఆ గంటలో వెనకనుంచి ఓ గొంతు ఏదో అడిగినట్టు కూడా గుర్తే. అందుకే వార్డు ఆఫీసులో ఆమెకి నోరు పెగల్లేదు.

"గుండ్రం సంగతి కాగితమొకటి ఉంది పిన్నీ, చదవమంటావా అన్నాను" అన్నాడు తక్.

"కొట్టుకుని పో, నా ప్రాణం తియ్యకు, అన్నాను."

"అన్నావు."

"చదవమంటావా అని అడగడమేంట్రా, చదవాలి గానీ. పోనీ సాయంత్రం చెప్పొచ్చుగా?"

"చెప్పొచ్చు" అన్నాడు తక్. "రోడ్డు మలుపు దాకా వెళ్ళి ఆగాను కూడా. నెలాఖరుకి పద్నాలుగు కొట్ల కాగితాలు తేవాలన్నారు. అప్పటికి నా దగ్గర మూడే ఉన్నాయి. చెబితే నువ్వు చింపేస్తావని తెలుసు. అందుకే చెప్పలేదు."

బయట ఎవరో గంట కొడుతూ సైకిలు మీద పోయారు. అతను కోటు తీసుకున్నాడు.

"రేపు నన్నూ రమ్మన్నారు. కంపెనీకేమీ తెలియదు, అంతా నా సొంత నిర్వాకం అనమన్నారు. అలా అంటే కేసు లేకుండా చూస్తారట. చూస్తారో లేదో. నీకు ఏది మంచిదైతే అది చెప్పు పిన్నీ. నేనేమీ అనుకోను."

"నువ్వు అనుకునేదేముంది, అనుకోవాల్సింది నేను" అంది సునిమ్ విసురుగా. ఆమె చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కోసిన చుట్టల కొసముక్కలు, గిరాకీలకి పెట్టనివి, కూరలు బయటికి పొడుచుకొచ్చినవి, ఓ కాగితంలో పొట్లం కట్టింది. తక్‌కి అవంటేనే ఇష్టం. పొట్లం బల్ల మీదకి తోసింది. అతను తీసుకోవాలా వద్దా అని నిలబడి, తీసుకుని వెళ్ళాడు.

*

శుక్రవారం కొట్టు మూశారు. బస్సులో మాన్‌సు దారి పొడుగునా ఒకటే పాట.

"ఒక్క మాట. ఇవ్వలేదు. అంతే. నాలుగక్షరాలు పలకడానికి నీ నోరేమన్నా అరిగిపోతుందా?"

"పలికితే వాడు జైలుకి పోతాడు."

"పలక్కపోతే మనం రోడ్డు మీదకి పోతాం. యాభై తొమ్మిదేళ్ళ దానివి, ఎవరి హోటల్లో గిన్నెలు తోముతావు? వాడు మన పొట్ట కొట్టినప్పుడు నీ గురించి ఆలోచించాడా?"

ఆలోచించలేదు. అది నిజమే. మలుపు దాకా వెళ్ళి ఆగినవాడు, ఆగి వెళ్ళిపోయాడు. సునిమ్ తల కిటికీకి ఆనించింది. ఎన్నేళ్ళ తర్వాతో పగటిపూట చేతులకి నూనె లేదు. ఒళ్ళో ఏం చెయ్యాలో తెలియనట్టు పడి ఉన్నాయి.

మండలి గది చిన్నది. బల్లకి ఆ చివర తెల్లజుట్టు మధ్యవర్తి, ఇటు వీళ్ళిద్దరు, అటు కంపెనీ లాయరు మ్యోంగ్. ఆయన వెనక గోడవారగా తక్, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆమెని చూసి, "ఓనరుగారూ, నమస్కారమండీ" అన్నాడు. పిన్ని అనలేదు.

మ్యోంగ్ నెమ్మదిగా, ఎంతో మన్ననగా మాట్లాడాడు. "అమ్మగారి ముద్ర అమ్మగారి అనుమతితోనే పడిందని కంపెనీ నమ్మింది. లేదూ, అనుమతి లేకుండా పడిందని వారంటే, ఈ ఉద్యోగి మమ్మల్నీ మోసం చేసినట్టే. అతని మీద కంపెనీ కూడా ఫిర్యాదు చేస్తుంది."

కంచె తానే పీకి, పశువుని తిట్టినట్టుంది ఆ మాట. మధ్యవర్తి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"చెప్పండమ్మా. ముద్ర మీరు ఇచ్చారా?"

బల్ల కింద మాన్‌సు మోకాలు ఆమె మోకాలికి తగిలింది. సునిమ్ తన చేతుల వంక చూసుకుంది.

"ఇవ్వలేదండీ" అంది. మాన్‌సు ఊపిరి వదిలాడు. "చేతికి ఇవ్వలేదు. డ్రాయర్లో ఉంటుంది, తీసి కొట్టుకోమంటాను. అందరికీ అంతే. ముల్లంగి అబ్బాయికీ అంతే, గ్యాస్ అబ్బాయికీ అంతే, ఇతనికీ అంతే. ఆ రోజూ అదే అన్నాను. ఏం కాగితమో ఇతను చదవలేదు, నేను వినలేదు. తప్పు చేశాడు. చెప్పాల్సింది చెప్పకుండా పోయాడు, దానికి నా కడుపు మండుతోంది. కానీ దొంగ మాత్రం కాదండీ. డ్రాయరు తియ్యమన్నది నేనే."

మాన్‌సు రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు. మ్యోంగ్ కాగితం మీద ఏదో రాసుకున్నాడు, రాసుకుంటూ చిన్నగా తలాడించాడు. "అయితే అనుమతి ఉన్నట్టే కదండీ" అన్నాడు.

"ఒక్క నిమిషం" అన్నాడు గోడవార నుంచి తక్. లేచి నిలబడ్డాడు. జేబులోంచి ఫోన్ తీసి, చాలాసేపు వెతికాడు.

"ఇక్కడ నీకు మాట్లాడే పని లేదు, తక్" అన్నాడు మ్యోంగ్.

"కిందటేడు మే పదో తేదీ. మా ప్రాంతం మేనేజరు మా గ్రూపులో పెట్టిన మెసేజి. చదువుతాను." తక్ ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. "'కాగితాలకి పొద్దున్న పోవద్దు, సాయంత్రం పోవద్దు. పదకొండున్నరకీ ఒంటిగంటకీ మధ్య పొండి. అప్పుడు వాళ్ళ చేతులు ఖాళీగా ఉండవు. చదవరు.'" అతను ఫోన్ బల్ల మీద పెట్టాడు. "పద్నాలుగు కొట్లూ అలాగే తెచ్చామండీ. పిన్నిది పన్నెండింటికి."

మధ్యవర్తి ఫోన్ దగ్గరికి జరుపుకుని, పెదాలు కదుపుతూ మరోసారి చదివాడు. దాని నకలు తీయించమని గుమాస్తాకి ఇచ్చాడు. మ్యోంగ్ లేచి, కంపెనీతో మాట్లాడి వస్తానని గంట గడువు అడిగాడు.

గంట మూడు గంటలయింది. సునిమ్ వరండాలో కూర్చుని గోడ గడియారం చూసింది. పన్నెండు. కొట్టులో ఉంటే పాలకూర పిండుతూ ఉండేది. చదవరట. తను చదవదని ఆరా తీసి, వేళ చూసుకుని, మనుషుల్ని పంపారు. ఒళ్ళంతా నూనెతో ఆమె చేసే పనే వాళ్ళకి సందయింది. ఇన్నేళ్ళ చాకిరీలో ఆమెకి ఇంత అవమానం ఎప్పుడూ అనిపించలేదు. మాన్‌సు కాఫీ తెచ్చి పక్కన పెట్టాడు గానీ తిట్టలేదు.

రెండున్నరకి అయిదు పేజీల రాజీపత్రం వచ్చింది. మధ్యవర్తి సంగతులు చదివి వినిపించాడు. ఒప్పందం ఇక్కడితో రద్దు. జరిమానా లేదు. నెలలోగా బోర్డు దించెయ్యాలి. అదే కొట్టులో వేరే పేరుతో కింబాప్ అమ్ముకోవచ్చు, పదకొండో షరతు వర్తించదు. గుండ్రం గొడవ మాత్రం వదులుకోవాలి, మెట్రో దగ్గర కొట్టు అక్కడే ఉంటుంది.

"చాలు. బయటపడ్డాం" అని గొణిగాడు మాన్‌సు. "నాలుగింటి బస్సు దొరుకుతుంది."

సునిమ్ సంచిలోంచి కర్రముద్ర తీసింది. పేజీకీ పేజీకీ మధ్య అతుకుల మీద కూడా కొట్టాలి. గుమాస్తా అలవాటుగా చెయ్యి చాచాడు.

"చాలా చోట్ల కొట్టాలమ్మా. ఇలా ఇవ్వండి, నేను కొట్టేస్తాను."

ఆమె చెయ్యి కూడా అంతే అలవాటుగా ముందుకి పోయింది. ముద్ర అతని అరచేతిలో పడబోయే ముందు ఆగింది. వేళ్ళు మూసుకున్నాయి.

"ఉండు బాబూ" అంది. "చదువుకుంటాను."

"ఇప్పుడే కదే ఆయన చదివాడు" అన్నాడు మాన్‌సు.

"ఆయన చెప్పింది విన్నాను. చదవలేదుగా."

కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ మొదటి వరస నుంచి మొదలుపెట్టింది. వేలు పెట్టుకుని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు చదివింది. మ్యోంగ్ వాచీ చూసుకున్నాడు. గుమాస్తా సిరా డబ్బా మూత పెట్టాడు. నాలుగింటి బస్సు పోయింది. నాలుగో పేజీ మధ్యలో వేలు ఆగింది.

"'యజమానికి గానీ కంపెనీకి గానీ తెలియకుండా సదరు ఉద్యోగి ముద్రను దుర్వినియోగం చేసినట్టు ఇరుపక్షాలు అంగీకరిస్తున్నాయి.'" పైకి చదివింది. "సదరు ఉద్యోగి అంటే ఎవరండీ?"

మధ్యవర్తి చప్పున తన నకలు తిరగేశాడు. ఆ వరస ఆయన వినిపించిన వాటిలో లేదు.

"లాంఛనానికండీ అది" అన్నాడు మ్యోంగ్. "మీకు రావలసినవన్నీ మీకొచ్చాయి. ఆ వరసతో మీకేం పని?"

"కింద ముద్ర నాది కదా."

"అది తీసేస్తే కంపెనీ రాజీకి ఒప్పుకోదు. మళ్ళీ మొదటికొస్తారు. జరిమానాతో సహా."

మాన్‌సు ఆమె జాకెట్ చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా కాదు. సునిమ్‌కి భయం వేసింది. నిజంగానే వేసింది. ఎవరిదో వంటింటి వెనక, ఎవరివో గిన్నెల గుట్ట ముందు తను వంగి నిలబడి ఉండడం కళ్ళకి కట్టింది. గోడవార తక్ తల వంచుకుని నేల చూస్తున్నాడు.

గుమాస్తా దగ్గర స్కేలూ పెన్నూ అడిగి తీసుకుంది. ఆ వరస మీద అడ్డంగా రెండు గీతలు గీసింది. సిరా డబ్బా మూత తీసి, ముద్రకి అద్ది, కొట్టేసిన మాటల మీద, దిద్దుబాటు తనదేనని, ఒత్తింది. మూల చెక్కు లేచిన పేరు ఎర్రగా పడింది. తర్వాత అతుకు అతుకు మీదా తనే కొట్టి, కాగితాలు బల్ల మీదుగా మ్యోంగ్ వైపు తోసింది.

"ఇక మీరు కొట్టండి" అంది. "కొట్టకపోతే మానెయ్యండి. నేను చదివాను."

మ్యోంగ్ మధ్యవర్తి వంక చూశాడు. మధ్యవర్తి మెసేజి నకలు కాగితాల పైకి తీసి పెట్టుకున్నాడు. మ్యోంగ్ ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్ళాడు, రెండుసార్లు గొంతు పెంచాడు, తిరిగొచ్చాడు. అయిదింటికి ఇరవై నిమిషాలుందనగా కంపెనీ ముద్ర పడింది.

*

తక్ ఉద్యోగం ఎలాగూ నిలవలేదు. సోమవారం తనే రాజీనామా ఇచ్చి, పన్నెండింటికి కొట్టుకొచ్చి, చేతులు కడుక్కుని కత్తి అందుకున్నాడు. సునిమ్ పొమ్మనలేదు. "జీతం ఇవ్వలేన్రోయ్" అంది. "కొసముక్కలు చాలు. మిగతా కొట్లవాళ్ళకి ఆ మెసేజి చూపించి రావాలి, మధ్యాహ్నాలు మాత్రం ఇక్కడికొస్తాను" అన్నాడు అతను. మాన్‌సు అతనితో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "కత్తి అలా పడతారట్రా?" అన్నాడు.

గురువారం బోర్డు దించారు. గోడ మీద బోర్డున్న మేర రంగు కొత్తగా మిగిలిపోయింది. పొద్దున్న గిరాకీ పెద్దగా తిరిగి రాలేదు. రోడ్డు దాటి అయిదారుగురు వచ్చారు.

"అక్కా, ముద్ర! డ్రాయర్లోనేగా?" అన్నాడు చూన్‌బే, డబ్బాలు దించి.

"ఆగు, వస్తున్నా."

చూన్‌బే డ్రాయరు మీద చెయ్యి అలాగే ఉంచి తెల్లబోయి చూశాడు. ఆమె చేతిలో చుట్ట పూర్తిచేసి, పంపు దగ్గరికి వెళ్ళి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, తుడుచుకుని, కళ్ళజోడు వెతుక్కుని వచ్చింది. రసీదు అందుకుని పై వరస నుంచి చదవడం మొదలుపెట్టింది.

"ఇంకా తొమ్మిది కొట్లకి పోవాలక్కా" అని గునిశాడు అతను. "మూడు డబ్బాలు, అంతే కదా. నన్నే అనుమానిస్తున్నావా?"

"నిన్ను కాదులే" అంది సునిమ్.

మూడు డబ్బాలే. తేదీ సరిగ్గానే ఉంది, కొట్టు పేరు ఇంకా పాతదే ఉంది. దాన్ని గీతతో కొట్టేసి, పక్కన తన పేరు రాసి, ముద్ర కొట్టి రసీదు అతని చేతిలో పెట్టింది.